టర్బో ఇంజనుకి నీళ్ళు, మిథనాల్ చల్లే ముందు

మీ ప్రశ్నని ఒకసారి మళ్ళీ చెప్పుకుని మొదలుపెడతాను. మీది రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో ఇంజను. బూస్ట్, అంటే టర్బో గాలిని నొక్కే అదనపు ఒత్తిడి, 1.5 బార్ దాకా పెంచారు, సుమారు 350 హార్స్‌పవర్ వస్తోంది. వరుసగా రెండుసార్లు ఫుల్ త్రాటిల్ ఇచ్చేసరికి ఇన్‌టేక్ గాలి 65 డిగ్రీలకి చేరుతోంది, ఇంజన్ని నడిపే కంప్యూటర్ ఈసీయూ, స్పార్క్ పడే సమయాన్ని, అంటే టైమింగ్‌ని, నాలుగైదు డిగ్రీలు వెనక్కి లాగేస్తోంది. కూలెంట్ వేడి కూడా మామూలు కంటే పైనే ఉంటోంది. ఇన్‌టేక్ గాలిలోకి నీళ్ళు, మిథనాల్ అనే ఆల్కహాల్ కలిపి చల్లే వాటర్-మిథనాల్ కిట్ పెడితే ఈ రెండూ తగ్గుతాయా, ఏ పాళ్ళలో కలపాలి, నాజిల్ ఎంతది, ఎక్కడ బిగించాలి, అద్దం కడిగే వాషర్ ద్రవం పోస్తే సరిపోతుందా అని అడిగారు.

కూలెంట్ సంగతి ముందు తేల్చేద్దాం. అది వేరే జబ్బు, దీనికి ఈ మందు పనిచేయదు. ఈ కిట్ బూస్ట్‌లో ఉన్న కొన్ని సెకన్లు మాత్రమే చల్లుతుంది. కూలెంట్ వేడెక్కడం బండి నడిచినంతసేపూ సాగే వ్యవహారం. థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకుంటోందా, ఫ్యాన్ సరైన వేడికే తిరుగుతోందా, సిస్టంలో గాలి చిక్కుకుందా, హెడ్ గాస్కెట్ దగ్గర లీకు ఉందా, ఇవన్నీ చూడండి. ముందు భాగంలో టర్బో గాలిని చల్లబరిచే పెద్ద ఇంటర్‌కూలర్ బిగించి ఉంటే దాన్ని దాటి వచ్చిన వేడిగాలే రేడియేటర్‌కి అందుతుంది, పక్కల ఖాళీలు మూయకపోతే అదీ సరిగ్గా అందదు. నేను చూసిన చాలా బళ్ళలో అసలు కారణం ఇదే. అది బాగుచేశాకే కిట్ గురించి ఆలోచించండి.

ఇక ఇన్‌టేక్ వేడి. గాలిని కుదిస్తే వేడెక్కుతుంది, దాన్నెవరూ తప్పించలేరు. బయట 30 డిగ్రీలున్న గాలిని 1.5 బార్ బూస్ట్‌కి నొక్కితే, టర్బో కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకున్నా, బయటికొచ్చేసరికి దాదాపు 160 డిగ్రీలుంటుంది. ఇంటర్‌కూలర్ అందులో చాలా భాగం లాగేస్తుంది. కానీ రెండో పుల్‌కి, అంటే రెండోసారి ఫుల్ త్రాటిల్ ఇచ్చేసరికి, ఆ ఇంటర్‌కూలరే వేడెక్కి కూర్చుంటుంది, అందుకే మీకు 65 కనిపిస్తోంది. ఈ వేడి గాలి సిలిండర్లోకి వెళ్ళి మళ్ళీ కుదింపుకి గురవుతుంది. స్పార్క్ పడి మంట ఒక వైపు నుంచి వ్యాపిస్తుండగా, అది ఇంకా చేరని మూల మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తట్టుకోలేక తనంతట తానే ఒక్కసారిగా అంటుకుంటుంది. అదే నాక్. మొదలైన ఉష్ణోగ్రతలో చిన్న తేడా కూడా ఆ మూల అంటుకునే సమయాన్ని బాగా మార్చేస్తుంది. ఈసీయూ టైమింగ్ తగ్గించడం దాన్ని ఆపడానికే. టైమింగ్ తగ్గితే టార్క్ తగ్గుతుంది, ఎగ్జాస్ట్ మరింత వేడెక్కుతుంది.

నీళ్ళు ఇక్కడ పనికొచ్చేది వాటి చల్లదనం వల్ల కాదు. ట్యాంకులో నీళ్ళు గోరువెచ్చగా ఉన్నా పెద్ద తేడా రాదు. పనిచేసేది ఆవిరయ్యేటప్పుడు అవి లాక్కునే వేడి. తడి ఒంటితో గాలికి నిలబడితే వణుకు పుట్టేది దీనివల్లే. కిలో నీళ్ళు ఆవిరవడానికి సుమారు 2,400 కిలోజౌళ్ళు కావాలి. మిథనాల్‌కి దాదాపు 1,100. పెట్రోలుకి 350 దగ్గర. అంటే పెట్రోలు ఎక్కువ పోసి సిలిండర్ని చల్లబరచడం ఎంత దుబారా పద్ధతో చూడండి. చాలా ట్యూనింగుల్లో చేసేది మాత్రం అదే.

మీ ఇంజనుకి లెక్క వేద్దాం. 350 హార్స్‌పవర్‌కి గంటకి సుమారు 87 కిలోల పెట్రోలు పడుతుంది, అంటే నిమిషానికి రెండు లీటర్లకి కాస్త తక్కువ. అందులో 15 శాతం ద్రవం చల్లుదాం, నిమిషానికి 300 మిల్లీలీటర్లు. నీళ్ళు, మిథనాల్ ఘనపరిమాణంలో సగం సగం. ఆ మిశ్రమం పూర్తిగా ఆవిరైతే లాక్కునే వేడి ఎనిమిది కిలోవాట్లకి కాస్త పైన. ఇంజను పీల్చే గాలి సెకనుకి 290 గ్రాముల దగ్గర. అంటే గాలి దాదాపు 28 డిగ్రీలు చల్లబడాలి. నిజంలో ఇన్‌టేక్ పైపులో అంత రాదు, ఎందుకంటే ఉన్న కొద్ది మిల్లీసెకన్లలో తుంపర్లన్నీ ఆవిరైపోవు. గాలిలో ముందే తేమ ఉంటే నీటి వంతు ఇంకా తగ్గుతుంది. కానీ మిగిలినది వృథా కాదు. సిలిండర్లోకి తుంపరగానే వెళ్ళి, కుదింపు జరుగుతుండగా అక్కడ ఆవిరవుతుంది. నాక్‌ని ఆపడంలో అసలు పని చేసేది ఆ భాగమేనని నా అభిప్రాయం. అందుకే సెన్సర్‌లో పదిహేను డిగ్రీలే తగ్గిందని నిరుత్సాహపడకండి. అలాగే నలభై తగ్గిందని సంబరపడకండి. సెన్సర్ మీద తుంపర పడితే అది తడిసి తన చల్లదనాన్నే చూపిస్తుంది, గాలిది కాదు. నాజిల్‌కి ముందు ఒకటి, తర్వాత తుంపర నేరుగా తగలని చోట ఒకటి ఉంటే నమ్మదగిన అంకెలొస్తాయి.

ఇక్కడొక మాట స్పష్టంగా చెప్పాలి. నీళ్ళు చల్లినందుకే పవర్ రాదు. ఏ మార్పూ చేయకుండా నీళ్ళు చల్లితే మంట నెమ్మదించి పవర్ కొంచెం తగ్గుతుంది కూడా. పవర్ వచ్చేది, నాక్ దూరం జరిగింది కాబట్టి టైమింగ్‌ని దాని చోటికి తిరిగి తెచ్చుకోవడం వల్ల, లేదా బూస్ట్ పెంచడం వల్ల. అంటే మీరు కొనుక్కుంటున్నది కాస్త జాగా. ఆ జాగాని చివరి అంగుళం దాకా వాడేశారా, ద్రవం ఆగిన రోజున ఇంజను దగ్గర మిగిలేది ఏమీ ఉండదు. ఈ సమాధానంలో మిగతావన్నీ మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి.

ఈ విషయం కనిపెట్టిన మొదటివాళ్ళం మనం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఎండబ్ల్యూ 50 అనే మిశ్రమం వాడారు, 50 శాతం మిథనాల్, 49.5 శాతం నీళ్ళు, మిగిలిన అర శాతం తుప్పు పట్టకుండా నూనె. మెస్సర్‌స్మిట్ 109 విమానాల్లో దాన్ని ఒక్క దఫాలో పది నిమిషాలకి మించి వాడకూడదనే నిబంధన ఉండేది. అవతలి పక్షంలో పి-47 థండర్‌బోల్ట్‌కి నీటి ఇంజెక్షన్‌తో రెండు వేల హార్స్‌పవర్ ఇంజను నుంచి సుమారు 2,300 రాబట్టారు. కార్ల విషయానికొస్తే 1962లో ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్ వచ్చింది. మూడున్నర లీటర్ల అల్యూమినియం వి8, టర్బో, కంప్రెషన్ రేషియో 10.25. ఆ కాలానికి అది సాహసమే. నాక్ ఆపడానికి నీళ్ళు, మిథనాల్ కలిపిన ద్రవం ట్యాంకులో పోయాలి. ద్రవం అయిపోతే బూస్ట్‌ని కట్టడి చేసే ఏర్పాటు కంపెనీయే పెట్టింది. జనం ద్రవం పోయడం మానేశారు, బండి నీరసంగా ఉందని ఫిర్యాదు చేశారు, చివరికి టర్బో తీసేసి మామూలు కార్బ్యురేటర్ బిగించే ఏర్పాటు కంపెనీయే చేయాల్సి వచ్చింది. నా దృష్టిలో ఆ ఇంజనీర్లు సరైన పనే చేశారు. ద్రవం పోయని యజమాని చేతిలో కూడా ఇంజను బతికింది. 2016 నాటి బీఎండబ్ల్యూ ఎం4 జీటీఎస్ కూడా ఇదే సూత్రం మీద నడిచింది. డిక్కీలో ఐదు లీటర్ల నీళ్ళ ట్యాంకు, సిలిండర్లకి గాలి పంచే ప్లీనమ్‌లో మూడు నాజిళ్ళు, 500 హార్స్‌పవర్. నీళ్ళు అయిపోతే బూస్ట్, టైమింగ్ తమంతట తామే వెనక్కి తగ్గుతాయి.

నాకు ఈ పాఠం తేలిగ్గా ఒంటబట్టలేదు. ఏళ్ళ క్రితం నా సొంత బండిలో కిట్ బిగించినప్పుడు ప్రెజర్ స్విచ్‌నే రక్షణగా పెట్టుకున్నాను. లైనులో ఒత్తిడి ఉంటే అంతా బాగున్నట్టు, పడిపోతే బూస్ట్ తగ్గించాలి అన్నది ఏర్పాటు. డిస్టిల్డ్ వాటర్ దొరకని ఒక వారం తాగే నీళ్ళు పోశాను. ఆ నీళ్ళలో ఉన్న ఖనిజాలు నాజిల్ వెనకున్న సన్నటి జల్లెడలో పేరుకున్నాయి. నాజిల్ మూసుకుపోతే లైనులో ఒత్తిడి పడిపోదు, నిండుగా అలాగే నిలబడి ఉంటుంది. స్విచ్ అంతా బాగుందనే చెప్పింది. 1.6 బార్‌లో నాలుగో గేరు పుల్, మధ్యలో చిన్న గరగర శబ్దం, తర్వాత ఆయిల్ ఫిల్లర్ మూత తీస్తే పొగ. కంప్రెషన్ చూస్తే మిగతా మూడు సిలిండర్లు సరిగ్గా ఉన్నాయి, మూడో నంబరుది సగం కూడా లేదు. విప్పితే పిస్టన్ మీద రెండు రింగుల మధ్య గోడ విరిగి ఉంది. ఆ విరిగిన ముక్కని ఇప్పటికీ టూల్ బాక్సులో దాచుకున్నాను.

కాబట్టి కిట్ ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది దాని ఫ్లో సెన్సర్. ఒత్తిడి కాదు, ప్రవాహాన్ని కొలిచేది. పైపు ఊడిపోతే ప్రవాహం అమాంతం పెరుగుతుంది, నాజిల్ మూసుకుంటే తగ్గుతుంది, పంపు ఫ్యూజు పోతే సున్నా అవుతుంది, ట్యాంకు ఖాళీ అయితే గాలి బుడగలతో అంకె ఎగిరెగిరి పడుతుంది. ఉండాల్సిన దానికి పైన ఒక హద్దు, కింద ఒక హద్దు పెట్టి, ఏది దాటినా, బూస్ట్‌ని అదుపు చేసే వేస్ట్‌గేట్ సొలెనాయిడ్‌కి (కరెంటుతో పనిచేసే వాల్వుకి) కరెంటు ఆగిపోయేలా వైరింగ్ చేయాలి. అప్పుడు బూస్ట్, వేస్ట్‌గేట్ స్ప్రింగ్ నిలిపే కనీస ఒత్తిడికి దిగిపోతుంది. మీ ఈసీయూలో రెండో మ్యాప్‌కి, అంటే ఇంధనం, టైమింగ్ అంకెల ఇంకో పట్టికకి, మారే వీలుంటే ఇంకా మంచిది, టైమింగ్ కూడా అదే క్షణంలో తగ్గుతుంది. డాష్‌బోర్డు మీద ఒక లైటు వెలిగించి డ్రైవరే కాలు తీస్తాడులే అనుకోవద్దు. ఆరు వేల ఆర్‌పీఎంలో ఒక సిలిండర్ సెకనుకి యాభై సార్లు మండుతుంది. మీ కన్ను లైటుని చూసి కాలికి కబురు పంపేలోపు జరగాల్సింది జరిగిపోతుంది. ట్యాంకులో లెవెల్ స్విచ్, లోపల అడ్డు పలకలు కూడా అవసరమే, మలుపులో ద్రవం ఒక పక్కకి ఒరిగితే పంపు గాలి పీలుస్తుంది.

నాజిల్ పరిమాణం పైన వేసిన లెక్కే. మీకు నిమిషానికి 300 మిల్లీలీటర్లు. అయితే నాజిల్ మీద రాసి ఉండే అంకె ఒక నిర్దిష్ట ఒత్తిడి దగ్గరది, అది ఎంతో అడిగి తెలుసుకోండి. పంపు 10 బార్ ఇస్తుంటే, ఎదురుగా 1.5 బార్ బూస్ట్ ఉంటే, నాజిల్‌కి దక్కేది 8.5 బారే. ప్రవాహం ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఎనిమిది శాతం దాకా తగ్గుతుంది. నీళ్ళ పంపు లాంటి బలహీనమైన పంపులతో ఈ పని చేయబోకండి. ప్రవాహం తక్కువన్నది ఒక్కటే కాదు, తక్కువ ఒత్తిడిలో తుంపర లావవుతుంది, లావు చుక్క ఆవిరి కాదు. చిన్న నాజిళ్ళు రెండు, పెద్దది ఒకటి కంటే మేలు.

బిగించే చోటు ఇంటర్‌కూలర్ తర్వాత, త్రాటిల్ బాడీకి పదిహేను నుంచి ముప్పై సెంటీమీటర్ల ముందు. ఇంటర్‌కూలర్‌కి ముందు పెడితే ద్రవం దాని గోడల మీద పేరుకుని ఒక్కసారిగా ఇంజన్లోకి జారొచ్చు. లోపలికొచ్చే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఎక్కడుందో చూసి దాని తర్వాతే. టర్బో కంటే ముందు చల్లే పద్ధతి కూడా ఉంది, కంప్రెసర్‌కి మేలే, కానీ లక్ష ఆర్‌పీఎం పైన తిరిగే చక్రం అంచుకి లావు చుక్క తగిలితే అంచు అరిగిపోతుంది. మొదటి బండి మీద అది వద్దు.

అన్నిటికంటే ఎక్కువగా మర్చిపోయేది సొలెనాయిడ్ వాల్వు. ఆక్సిలరేటర్ వదిలినప్పుడు మేనిఫోల్డ్‌లో వాక్యూమ్ ఉంటుంది. నాజిల్‌ని త్రాటిల్ తర్వాత పెట్టినా, ట్యాంకు నాజిల్ కంటే ఎత్తులో ఉన్నా, పంపు ఆగి ఉన్నప్పుడు కూడా ద్రవం నెమ్మదిగా కారుతూనే ఉంటుంది. రాత్రంతా నిలిపి ఉంచిన బండిలో ఒక సిలిండర్ నిండితే పొద్దున స్టార్టర్ తిప్పగానే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఎందుకంటే ద్రవం నలగదు. నాజిల్‌కి వీలైనంత దగ్గరలో సొలెనాయిడ్ ఉండాలి. ట్యాంకు నాజిల్ కంటే కిందే ఉండాలి.

ట్యూనింగ్ దగ్గరికొస్తే, ముందు కిట్ ఆపేసి, తక్కువ బూస్ట్ మీద పూర్తిగా భద్రమైన మ్యాప్ ఒకటి తయారుచేయించండి. ద్రవం ఆగినప్పుడు ఇంజను దిగొచ్చి నిలబడే నేల అదే. తర్వాత 0.6 బార్ దగ్గర చల్లడం మొదలై, 1.3 బార్‌కి పూర్తి స్థాయికి చేరేలా కంట్రోలర్ పెట్టుకోండి. ఇంకా ముందే మొదలుపెడితే మంట ఆరిపోయినట్టు బండి దగ్గుతుంది. టైమింగ్‌ని ఒక్కో డిగ్రీ చొప్పున పెంచుతూ, ప్రతిసారీ నాక్ వినే హెడ్‌ఫోన్లతో వింటూ, ఈసీయూ రికార్డు చేసిన అంకెలు చూస్తూ వెళ్ళాలి. డిగ్రీ పెంచినా టార్క్ పెరగలేదంటే అక్కడికి చాలు, జాగా మిగిలి ఉన్నా సరే. స్పార్క్ ప్లగ్ గ్యాప్ 0.6 మిల్లీమీటర్ల దగ్గరికి తగ్గించండి, తేమ నిండిన మిశ్రమాన్ని అంటించడం కాయిల్‌కి కష్టం.

మిథనాల్ కూడా మండేదే కాబట్టి ఇంధనం లెక్క మారుతుంది. మీ 300 మిల్లీలీటర్లలో సగం మిథనాల్, దాని వల్ల మిశ్రమం సుమారు మూడున్నర శాతం రిచ్ అవుతుంది, అంటే గాలితో పోలిస్తే ఇంధనం ఆ మేరకు ఎక్కువవుతుంది. గాలికీ ఇంధనానికీ ఉన్న నిష్పత్తిని కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ 11.8 బదులు 11.4 దగ్గర చూపిస్తుంది. చాలామంది ట్యూనర్లు వెంటనే ఆ మేరకు పెట్రోలు తగ్గించి అంకెని అందంగా దిద్దుతారు. దయచేసి అలా చేయనివ్వకండి. ద్రవం ఆగిన క్షణంలో చల్లదనమూ పోతుంది, ఆ ఇంధనమూ పోతుంది, గోరుచుట్టు మీద రోకటి పోటు అవుతుంది. పెట్రోలు మాత్రమే లెక్కలో ఉంచి 11.8 పెట్టుకోండి, ద్రవంతో 11.4 వస్తే రానివ్వండి.

పాళ్ళ గురించి. వట్టి నీళ్ళు సిలిండర్ని చల్లబరచడంలో అన్నిటికంటే గట్టివి, నిప్పు భయం లేదు, కానీ చలికి గడ్డకడతాయి, తేమ వాతావరణంలో పైపులో సరిగ్గా ఆవిరవ్వవు. మిథనాల్ 65 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి పైపులోనే ఆవిరవుతుంది, దాని ఆక్టేన్, అంటే నాక్‌ని తట్టుకునే గుణం, కూడా ఎక్కువ. సగం సగం అన్నది అనుభవంలో నిలబడిన మధ్యే మార్గం. 50 శాతం దాటి మిథనాల్ పెంచమని నేను ఎవరికీ చెప్పను. వట్టి మిథనాల్ మామూలు గది వేడిలోనే నిప్పురవ్వకి అంటుకుంటుంది, దాని మంట పగటి వెలుతురులో దాదాపు కంటికి కనిపించదు. సగం నీళ్ళు కలిపినా అది అంటుకునే ద్రవమే. ట్యాంకు ప్రయాణికులు కూర్చునే చోట వద్దు, డిక్కీలో పెడితే గాలి గొట్టం బయటికి తీయండి, పైపులు టర్బో, ఎగ్జాస్ట్ పక్కనుంచి పోనివ్వకండి. పెట్రోలుకి నిలిచే రబ్బరు మిథనాల్‌కి నిలవాలని లేదు, టెఫ్లాన్ లేదా దానికి తగిన నైలాన్ పైపులే వాడండి.

అంతకంటే ముఖ్యం, మిథనాల్ విషం. తాగితే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. చర్మం గుండా, పీల్చే గాలి గుండా కూడా ఒంట్లోకి వెళుతుంది. గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా కలపకండి, మూసిన గదిలో కలపకండి. నీళ్ళ సీసాలోనో కూల్‌డ్రింక్ సీసాలోనో ఒక్క నిమిషం కూడా పోసి ఉంచకండి, చూడడానికి అది నీళ్ళలాగే ఉంటుంది. పొరపాటున ఎవరైనా మింగితే బాగానే ఉన్నారని ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి, లక్షణాలు బయటపడడానికి సగం రోజు, ఒక్కోసారి రోజంతా పట్టొచ్చు, చికిత్స అంతకు ముందే మొదలవ్వాలి.

వాషర్ ద్రవం సంగతి. కొన్ని చలి దేశాల్లో అమ్మే వాషర్ ద్రవంలో నిజంగానే మిథనాల్ ఉంటుంది, అందువల్లే ఈ మాట ప్రచారంలోకి వచ్చింది. కానీ దానిలో ఎంత శాతం ఉందో సీసా మీద సరిగ్గా రాసి ఉండదు, సబ్బు ఉంటుంది, రంగు ఉంటుంది, కొన్నిటిలో గ్లైకాల్ ఉంటుంది. సబ్బు నురుగుతో ఫ్లో సెన్సర్ తప్పు చెబుతుంది, రంగు, గ్లైకాల్ నాజిల్లోనూ వాల్వుల మీదా పేరుకుంటాయి. నా మూడో సిలిండర్‌కి జరిగింది మీకు జరగకూడదంటే డిస్టిల్డ్ వాటర్, శుద్ధమైన మిథనాల్ కొని మీరే కొలిచి కలపండి. నిమిషానికి 300 మిల్లీలీటర్లంటే ఐదు లీటర్ల ట్యాంకు పదహారు, పదిహేడు నిమిషాల ఫుల్ త్రాటిల్‌కి వస్తుంది. రోడ్డు మీద అది వారాల తరబడి సరిపోతుంది, ట్రాక్ మీదైతే పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ ఇదీ నింపుకోవాల్సిందే.

అన్నీ బిగించాక మీ ట్యూనర్‌ని ఒక పని అడగండి. పవర్ కొలిచే డైనో యంత్రం మీద బండి నడుస్తుండగా, బూస్ట్ మధ్యస్థంగా ఉన్నప్పుడు పంపు ఫ్యూజు పీకేయమనండి. బూస్ట్ వెంటనే పడిపోవాలి. తర్వాత ఫ్యూజు పెట్టేసి, నాజిల్ దగ్గర లైనుని మూసి మళ్ళీ చూడమనండి. అప్పుడు కూడా పడిపోవాలి. రెండోసారి పడకపోతే ఆ బండిని ఇంటికి తీసుకెళ్ళకండి.